తులశమ్మగారి చిటికె

నేను ఒక చప్పట్ల స్విచ్చిని. ఒకసారి చప్పట్లు కొడితే ఫ్యాను తిరుగుతుంది, మళ్ళీ కొడితే ఆగుతుంది. నాకు తెలిసిన విద్య అంతే. ఆ ఒక్క పనీ నన్ను సవ్యంగా చేసుకోనివ్వకుండా మనుషులు పెట్టిన బాధ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నా ఒళ్ళంటే ఏముంది లెండి, బిస్కెట్ల డబ్బా. మూత మీద బుగ్గలపాప ఒకతి బిస్కెట్టు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. నేనెంత విసుక్కున్నా నా మొహం మీద ఆ నవ్వు చెరగదు, అదొక ఖర్మ. లోపల పాత రేడియోల్లోంచి పీకిన ట్రాన్సిస్టర్లు, టక్కుమని కొట్టుకునే రిలే, అన్నిటికంటే ముందు నా చెవి. ఆ చెవిని పాత సామాన్ల కొట్లో దొరికిన టెలిఫోను రిసీవరు నుంచి తీశారు. ట్రంకు కాల్స్‌లో "హలో! హలో! వినపడుతోందా?" అంటూ జనం పెట్టిన పొలికేకలు ఏళ్ళ తరబడి విని, నా దగ్గరికి వచ్చేనాటికే అది విసిగిపోయి ఉంది. నా కోపమంతా అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

నన్ను చేసింది కాకినాడలో రేడియోలు బాగుచేసే కామరాజు. టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా వెళ్ళి కూర్చునే రోజులవి. చప్పుడుకి పలికే స్విచ్చంటే ఇంద్రజాలం కిందే లెక్క. కామరాజు మంచివాడు, చేతిలో పనుంది, కాని ఊరంతా తనని "సైంటిస్టుగారూ" అని పిలవాలన్న యావ మాత్రం ఉండేది. ఆ యావతో ఏదో ఒకటి చేస్తూనే ఉండేవాడు. నన్ను మాత్రం యావతో చెయ్యలేదు. వాళ్ళక్క కోసం చేశాడు.

అక్కంటే రామతులశమ్మగారు. భర్త పోయాక తమ్ముడింటికి వచ్చి, ఆ ఇంటిని నోటితో ఏలిన మనిషి. పెరట్లోంచి ఆవిడ "ఏమే సుభద్రా!" అంటే వీధి చివరి కొట్లో కూడా వినపడేదట. కామరాజు పెళ్ళాం సుభద్ర ఆ పిలుపు వింటే చేతిలో గరిట వదిలేసి పరిగెత్తేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. వెనక గదిలో మంచం మీద పడుకుని, గుమ్మం వైపు చూస్తూ ఉండేది. ఉక్కపోసి చెమటలు కారుతున్నా, చలి వేసి ఫ్యాను ఆపాలన్నా, ఎవరైనా అటుగా వచ్చి తన మొహం చూడాలి. ఆ ఎదురుచూపు తమ్ముడు చూడలేకపోయాడు. "మా అక్క ఎవర్నీ దేబిరించక్కర్లేకుండా చేస్తాను" అని నన్ను మొదలుపెట్టాడు. ఆ మాట నా ముందే అన్నాడు కాబట్టి మీకు చెబుతున్నాను, మీరూ గుర్తుపెట్టుకోండి.

నా ప్రారంభోత్సవం చూడాలి మీరు! వెనక గదిలోకి వీధి వీధంతా దిగింది. నాకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఎక్కడ పెట్టారు? సరిగ్గా చెవి కన్నంలో. కొత్త యంత్రమన్నాక కొబ్బరికాయ కొట్టాలిగా, కొట్టారు. ఠప్పున ఆ చప్పుడుకి ఫ్యాను తిరిగింది. "అయ్యో, ముందే తిరిగేసిందండీ!" అని ఒకాయన, "రెండో చిప్ప కూడా కొట్టు, ఆగుద్దేమో" అని ఇంకొకాయన. ఆ తరవాత గదిలో ఉన్నవాళ్ళందరూ తలో చప్పట్టూ కొట్టి చూశారు. తిరుగు, ఆగు, తిరుగు, ఆగు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి కామరాజు చెమటలు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, నీకోసమే చేశాను. ఏదీ, నువ్వు కొట్టు" అన్నాడు.

తులశమ్మగారు ఎడమచెయ్యి పైకెత్తింది. కుడిచెయ్యి దుప్పటి మీదే ఉంది. ఎత్తిన చేతిని అలాగే పట్టుకుని తమ్ముడి మొహంలోకి చూసింది. ఒంటి చేత్తో చప్పట్లు ఎవరు కొడతారండీ? వారాల తరబడి కళ్ళు పొడుచుకుని వైర్లు అతికిన మనిషికి, పక్కనే కూర్చుని కాఫీలు తాగిన స్నేహితులకి, ఇంత వీధికి, ఆ చిన్న సంగతి తట్టలేదు! జనం ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని జారుకున్నారు. కామరాజు నన్ను ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. నాకు వాడి మీద జాలీ వేసింది, చెవి మెలేద్దామనీ అనిపించింది.

అంతలో తులశమ్మగారికి ఆవలింత వచ్చింది. ఎడమచెయ్యి దానంతటదే నోటి ముందుకి వెళ్ళి చిటికెలు వేసింది. ఆవలిస్తే చిటికె వెయ్యాలని ఎవరో చిన్నప్పుడు నేర్పారు. నోరు మాట మరిచిపోయింది గాని, వేళ్ళు ఆ నేర్పింది మరిచిపోలేదు.

"ఏవండీ!" అని గుమ్మం దగ్గర నుంచి సుభద్ర గట్టిగా అరిచింది. "చూశారా? వదినగారు చిటికేశారండి! మీ డబ్బాకి చిటిక వినపడదేంటండీ?"

వినపడదేం, వినపడుతుంది. నా వీపున ఒక మర ఉంది. దాన్ని తిప్పితే చెవి చురుకెక్కుతుంది. కామరాజు లేచి మర బిగించాడు, నన్ను మంచం తల దగ్గర గోడకి బిగించాడు. తులశమ్మగారు చిటికె వేసింది. టక్. ఫ్యాను తిరిగింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తరవాత ఇంకో చిటికె వేసి ఆపింది. తనంతట తాను ఆపింది! ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి, పోన్లే, నా పుట్టుకకి అర్థం ఉందనుకున్నాను.

కాని చురుకైన చెవితో ఆ ఇంట్లో బతకడం ఎంత నరకమో! వాళ్ళేమో గొంతెత్తకుండా ఉప్పు కూడా అడగలేని మనుషులు. రోట్లో అల్లం దంచితే టక్. తలుపు దడాలున వేస్తే టక్. గోడ మీద బల్లి పలికితే, పరామర్శకి వచ్చిన ప్రతి మనిషీ "సత్యం, సత్యం" అంటూ మంచం కోడు మీద వేలితో కొట్టేవారు, మళ్ళీ టక్. బల్లి సాక్ష్యం చెబితే ఫ్యాను ఎందుకు ఆగాలి? నాకు నోరుంటే ఆ బల్లినీ వాళ్ళనీ కలిపి తిట్టేదాన్ని.

చివరికి సుభద్రే పూనుకుంది. రోలు పెరట్లోకి మార్చింది. తలుపు రెక్కకి పాతగుడ్డ చుట్టింది. వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపి, "మెల్లిగా మాటాడండి, ఫ్యాను ఇంటాది" అనేది. ఏలుబడి మళ్ళీ తులశమ్మగారి చేతికొచ్చింది. ఫ్యాను వేసి, ఆపి, వేసిందంటే సుభద్ర రావాలని అర్థం. అది ఎవరూ నేర్పలేదు, వాళ్ళిద్దరికీ కుదిరిపోయింది. "నోరు పోయినా పిలుపు మాత్రం పోలేదు తల్లీ ఈవిడకి" అని గొణుక్కుంటూనే సుభద్ర వచ్చేది.

ఇలా సుఖంగా ఉండగా, రోహిణి కార్తె ఎండల్లో, ఊళ్ళో ఒక కాలేజీవాళ్ళు సైన్సు ప్రదర్శన పెట్టారు. కామరాజుకి పాత యావ తిరగబెట్టింది. స్క్రూడ్రైవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడెందుకండీ తియ్యడం? నిప్పులు కురుస్తుంటే!" అంది సుభద్ర.

"ప్రదర్శన అయ్యేదాకానే కదే. మామూలు స్విచ్చు బిగించి వెళతాను. నువ్వున్నావుగా, కాస్త వేస్తూ తీస్తూ ఉండు. పెద్ద పెద్దోళ్ళొస్తారు, పేపర్లో పడుద్ది" అన్నాడు.

తులశమ్మగారు చిటికె వేసింది. ఒకటి కాదు, వరసగా వేస్తూనే ఉంది. అప్పటికే నా వైర్లు ఊడిపోయాయి. వాడు అక్క మొహం వైపు చూడకుండా నన్ను సంచిలో పెట్టుకున్నాడు. ఒరేయ్, నన్ను ఎవరి కోసం చేశావురా అని నేను ఎంత మొత్తుకున్నా, మూత మీద పాప నవ్వుతూనే ఉంది.

ప్రదర్శనలో నాకు బల్ల, తెల్లగుడ్డ, ఎర్రబల్బు ఇచ్చారు. కుర్రకారు వచ్చి చప్పట్లు కొట్టడం, బల్బు వెలగడం, పళ్ళికిలించడం, ఇదే వరస. ఒక పెద్దాయన పక్కనే వేదికెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన ప్రతి వాక్యానికీ హాలంతా చప్పట్లు కొట్టింది, ప్రతి చప్పట్టుకీ నేను వెలిగి ఆరాను. ఆయన తన ఉపన్యాసానికే బల్బు వెలుగుతోందనుకుని మరింత పొడిగించాడు. కామరాజు మాత్రం మురిసిపోయాడు. వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట: "ఆయ్, మా అక్క కోసం చేశానండి. పాపం, మంచం మీద ఉందండి. ఎవర్నీ దేబిరించకూడదని చేశానండి."

"అలాగాండీ? మరి ఆవిడిప్పుడేం చేస్తన్నారో చెప్పండి, అదీ చెప్పండి" అని జనం వెనక నుంచి గొంతు వినపడింది.

సుభద్ర! ఎండలో నడిచొచ్చినట్టుంది, మొహమంతా ఎర్రగా కందిపోయి ఉంది. చేతిలో కూరల సంచి. జనం పక్కకి జరిగారు.

"ఇదేంటే, ఇక్కడికొచ్చావు?" అన్నాడు కామరాజు బిక్కమొహం వేసి.

"నేను పెరట్లో ఉంటే ఆవిడ నన్నెలా పిలుస్తారండీ? చిటికెలేసుకుంటానే ఉన్నారు. ఏలు వాచిపోయింది. నేనొచ్చి ఫ్యానేస్తే, చెయ్యూపి ఆపమంటారు. నేనేసింది ఆవిడకొద్దు. చెమటలో తడిసి ముద్దయిపోతా గోడకేసి తిరిగి పడుకున్నారు. పొద్దున్నించీ గంజి కూడా ముట్టలేదు."

"మెల్లిగానే, అందరూ..."

"ఎందుకండీ మెల్లిగా? ఆవిడ మీద ప్రేమ కారిపోయి రాలేదు నేను. కాపరానికొచ్చిన కాణ్ణించీ ఆ నోటికి దడిసి బతికాను. ఇప్పుడా నోరు ఈ డబ్బాలో ఉంది. మీరేమో దాన్ని పీకి పట్టుకొచ్చి ఊరందరికీ చూపిస్తన్నారు. ఎవరిది వాళ్ళకిచ్చెయ్యండి."

బల్బు ఎవరి చప్పట్లూ లేకుండానే ఆరిపోయింది. సుభద్ర తీగ లాగేసింది మరి. నన్ను కూరల సంచిలో, వంకాయల మీద పెట్టుకుంది. బహుమతులు ఇంకా ఇవ్వలేదు. కామరాజు వేదిక వైపు ఒకసారి చూశాడు, సంచి వైపు ఒకసారి చూశాడు. తరవాత పెళ్ళాం వెనకాల నడిచాడు. వాడు నా విషయంలో చేసిన మంచి పనుల్లో అది రెండోది.

ఇంటికి వెళ్ళాక వాడే స్టూలెక్కి నన్ను గోడకి బిగించాడు. తులశమ్మగారు ఇటు తిరగలేదు. "అక్కా" అన్నాడు. తిరగలేదు. సుభద్ర వెళ్ళి భుజం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పింది. ఆవిడ వాచిన వేళ్ళతో చిటికె వేసింది. సరిగ్గా చప్పుడు కాలేదు. దారంతా సంచిలో కుదుపులకి నా మర వదులైపోయింది. నాకు వినపడలేదు! ఇంతకాలం బల్లికీ రోలుకీ పలికినదాన్ని, ఈ ఒక్క చిటికెకి పలకలేకపోయాను. నా మీద నాకే అంత కోపం ఎప్పుడూ రాలేదు. కామరాజు మర తిప్పాడు. ఆవిడ పెదవి కొరుక్కుని మళ్ళీ వేసింది.

టక్.

ఫ్యాను తిరిగింది. ఆవిడ ఊరుకుందా? వెంటనే ఆపింది. వేసింది. ఆపింది. వేసింది, ఆపింది. కళ్ళు మాత్రం తమ్ముడి మీంచి తియ్యలేదు.

కామరాజుకి అర్థం కాలేదు. "మళ్ళీ పాడైందా ఏంటి?" అన్నాడు.

సుభద్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పాడవలేదండి. మిమ్మల్ని తిడతన్నారు" అంది.

వాడు స్టూలు దిగి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. నా రిలే వేడెక్కిపోయింది, అయినా ఒక్క టక్కు కూడా తప్పకుండా తిట్టాను. అంత మనసు పెట్టి నేనెప్పుడూ పని చెయ్యలేదు. తిట్టడం అయ్యాక ఆవిడ ఫ్యాను వేసి వదిలేసింది. ఎడమచేత్తో మంచం అంచు తట్టి సుభద్రని చూసింది. ఎండనపడి వచ్చిన సుభద్ర ఆ గాలిలో, వదినగారి పక్కన కూర్చుంది. ఆ మంచం మీద కూర్చోవడం తనకి అదే మొదటిసారి.

తులశమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. కామరాజు ఒకసారి నన్ను పాత సామాన్లవాడికి వేస్తే సుభద్ర వీధిలోకి వెళ్ళి వెనక్కి తెచ్చింది. ఇప్పుడు అటక మీద ఉన్నాను, కరెంటు లేదు. కింద ఆ గదిలో మాట చెబితే వినే మిషనొకటి పెట్టారు. దాన్ని పట్టుకుని ఇంట్లోవాళ్ళు "ఫ్యాను వెయ్యి, ఫ్యాను వెయ్యి" అని గొంతు చించుకుంటూ ఉంటారు. నువ్వూ అనుభవించమ్మా, అనుకుంటాను. మధ్యాహ్నం పూట సుభద్రకి ఆవలింత వస్తుంది. నోటి ముందు చిటికె వేసుకుంటుంది. వేసుకున్నాక, ప్రతిసారీ, తలెత్తి ఒకసారి ఫ్యాను వైపు చూస్తుంది.