చేతికి తెలిసే కరెంటు

మూడోసారి కూడా కాయిల్ వైరు కొన జమలయ్య కుడిచేతి వేళ్ళ మధ్యనే ఉంది. కళ్ళు మూసుకుని, "కొట్టబ్బాయ్" అన్నాడు. కొలకలూరు నుంచి అరటి గెలలు తోలే పాత పెట్రోలు పికప్పులో కూర్చున్న డ్రైవరు ఏసుపాదం సెల్ఫు కొట్టాడు. ఇంజను నాలుగుసార్లు మూలిగింది. జమలయ్య కళ్ళు తెరిచి తల అడ్డంగా ఊపాడు.

తెనాలిలో రేపల్లె రోడ్డు మీద ముప్పయ్యేళ్ళుగా బళ్ళ వైరింగు పని అతనిది. పొట్టి మనిషి, ఖాకీ నిక్కరు, గోళ్ళ కింద ఎప్పటికీ వదలని గ్రీజు. మిగతా మెకానిక్కులు వైరు కొనను ఇనుముకు దగ్గరగా పెట్టి నిప్పురవ్వ చూస్తారు. ఈయనగారికి అది నామోషీ. వేళ్ళతోనే పట్టుకుంటాడు. కరెంటు దెబ్బ మోచేతి దాకా పాకితే కాయిల్ మంచిది, మణికట్టు దగ్గరే ఆగితే పోయింది. ఇదేం పిచ్చయ్యా అంటే నవ్వేవాడు. అతని లెక్క తప్పిందని ఇంతవరకు ఎవరూ అనలేదు మరి.

కాలవ వంతెన ఎక్కలేక బండి గెలలతో సహా వెనక్కి జారి ఆగిపోయిందని ఏసుపాదం పొద్దున్నే తోయించుకుంటూ వచ్చాడు. వైరు పట్టుకుంటే చీమ కుట్టినంత కూడా లేదు. జమలయ్య కాయిల్ మార్చాడు, కండెన్సరు మార్చాడు, తాళంచెవి దగ్గర్నుంచి కొత్త వైరు లాగాడు. పన్నెండయినా వేళ్ళకు అంతే.

ఈసారి తానే ఎక్కి సెల్ఫు కొడతానని, వైరును ఇనుముకు తగలకుండా పట్టుకోమని ఏసుపాదానికి చెప్పాడు. కొట్టాడో లేదో, ఏసుపాదం ఎగిరి రోడ్డు మీద కూలబడ్డాడు.

"చంపేశావు కదా బాబాయ్. భుజం దాకా గుంజేసింది."

జమలయ్య దిగి వచ్చి మళ్ళీ వైరు పట్టుకున్నాడు. ఏసుపాదం భయపడుతూనే సెల్ఫు కొట్టాడు. జమలయ్య ఈసారి కళ్ళు మూసుకోలేదు. చెయ్యి ఎగిరెగిరి పడటం కళ్ళకు కనిపిస్తోంది గాని, లోపల ఏమీ తెలియడం లేదు. షుగరేమో చూపించుకోమని భార్య పున్నమ్మ మూణ్ణెల్లుగా పోరుతోంది. పనిచేసే చేతికి తిమ్మిరి మామూలేనని కసిరాడు. ఇప్పుడు భయం వేసింది. ఈ పని తప్ప ఇంకో పని రాదు అతనికి.

"వైరింగులో ఏం లేదురా," అన్నాడు చివరికి. "పెట్రోలు అందట్లేదు. వేరేచోట కార్బురేటరు విప్పించుకో."

"మరి పొద్దుట్నుంచీ..."

"పొద్దుట్నుంచీ నిప్పుంది. నాకే తెలీలేదు."

చేతులు కూడా తుడుచుకోకుండా ఇంటిదారి పట్టాడు. షెడ్డు తలుపు వెయ్యవా అని ఏసుపాదం అడిగితే, ఇంకెందుకులే అన్నాడు. మే నెల ఎండకు తారు మెత్తబడి ఉంది. నడకలో తొందర లేదు, తడబాటు లేదు. ఎడమ పాదం వట్టిదే తారు మీద పడుతోంది. ఏసుపాదం వెనక్కి తిరిగి చూశాడు.

పికప్పు ముందు చక్రం పక్కన, పట్టీ కూడా తెగని ఎడమకాలి హవాయి చెప్పు ఒకటి ఉంది.