మూడో గది

వాన.

రేకుల మీద పడుతోంది... ఎడాపెడా, తాళం లేకుండా. ఏది ఒకటో చినుకో, ఏది పదో చినుకో వానకి అక్కర్లేదు.

ఆయనకి కావాలి. ఆయన బతుకే ఆ లెక్క మీద నడిచింది.

మధ్యాహ్నం మూడు గంటలు. మేడ మీద చిన్న హాలు. గోడవారన తడి గొడుగులు. ఎదురుగా ఓ నలభై మంది. ఆయన మెడలో శాక్సఫోన్. ఎడమ పక్కన, తనకన్నా ఎత్తైన బేస్‌ని, ఆ లావు తీగల పెద్ద వాయిద్యాన్ని, భుజానికి ఆనించుకుని బావమరిది, భార్య తమ్ముడు. డ్రమ్ముల్లేవు. పియానో లేదు. ఇద్దరే.

నలభై ఏళ్లుగా ఇద్దరే.

వాయించేవి జాజ్‌లో పాత పాటలు. ఎందరో వాయించి వాయించి నునుపుదేల్చినవి. ఒక్కో పాటా నాలుగు గదుల ఇల్లు. వాళ్లిద్దరూ వాటిని గదులనే పిలుచుకుంటారు. మొదటిదీ రెండోదీ ఒక్కలాగే ఉంటాయి. మూడోది వేరు, దాని కిటికీ వేరే వైపుకి తెరుచుకుంటుంది. నాలుగో గదిలోకి వెళ్తే మళ్లీ మొదటి గదిలో ఉన్నట్టే ఉంటుంది. అక్కణ్ణుంచి గుమ్మం, మళ్లీ మొదలు. శాక్సఫోన్ ఆ గదుల్లో ఎగరొచ్చు, గెంతొచ్చు, పైకప్పు పట్టుకుని వేలాడొచ్చు.

నేల మాత్రం బేస్‌ది.

ఆయన కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. బాగా వాయిస్తున్నాడు. బాగా వాయిస్తున్నానని తెలుస్తోంది కూడా — అక్కడే వచ్చింది చిక్కు. రెండో గది అయిపోయింది. మూడో గదిలోకి వెళ్లాలి.

వెళ్లలేదు.

మళ్లీ మొదటి గదిలోకే నడిచాడు, నిశ్చింతగా.

బావమరిది అప్పటికే మూడో గదిలో కాలు పెట్టేశాడు. రెండు స్వరాలు ఢీకొన్నాయి, చీకట్లో తలుపూ నుదురూ ఢీకొన్నట్టు. ఎవరో కుర్చీలో కదిలారు.

మరుక్షణం బావమరిది వెనక్కి వచ్చేశాడు. బేస్ వాయించేవాడి పని అదే. ముందు నడిచేవాడు దారి తప్పితే పిలిచి చెప్పడానికి ఉండదు. దారినే తీసుకొచ్చి వాడి కాళ్ల కింద పరచాలి.

అంతటితో పోయేది. ఎవరికీ తెలిసేది కాదు.

కానీ ఆయన మెడ తిరిగింది.

ఎడమవైపు... కొద్దిగా. ఒక కనుబొమ్మ లేచింది. పెదవి చివర చిన్న నవ్వు. పోనీలే పాపం అన్నట్టు. నలభై జతల కళ్లు ఆ చూపు వెంటే వెళ్లి బేస్ మీద వాలాయి.

బావమరిది తల దించుకున్నాడు.

మెడ తనంతట తానే తిరిగిందని, విరామం దాకా ఆయన తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. కావొచ్చు. మెడ తిరగొచ్చు.

మరి నవ్వో?

విరామంలో హాలు యజమానురాలు ఆయన్ని పక్కకి పిలిచింది.

"మాస్టారూ, మీ ఊపిరికేం ఢోకా లేదు, నిజంగా. కానీ ఆయనకి... పాపం, వయసు మీద పడుతోంది కదా. వచ్చే నెల నుంచి మీ కచేరీ వారం వారం పెడదామనుకుంటున్నాను. మీ పక్కకి ఇంకెవరినైనా చూడమంటారా?"

పొగడ్త ముందొచ్చింది. తియ్యగా దిగింది. వెనకాల వచ్చిన మాట దిగేసరికి ఆలస్యమైంది.

"చూద్దాంలెండి," అన్నాడు.

తప్పింది నేనమ్మా, అనలేదు. చూద్దాంలెండి అన్నాడు. ఆమె చెప్పింది నిజమేనని ఒప్పుకుంటే మనిషి అనే మాట.

వెనక గదిలో బావమరిది స్టూలు మీద కూర్చుని కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే నొక్కుకుంటున్నాడు. ఆయన రీడు తీసి నోట్లో పెట్టుకున్నాడు. శాక్సఫోన్ నోటికి బిగించే ఆ సన్నటి రెల్లు బద్ద, నానితే గాని పలకదు.

"ఇందాక బోల్తా పడ్డాను కదూ బావా," అన్నాడు బావమరిది.

ఆయన రీడుని నాలుక మీద తిప్పాడు.

"ముందు నువ్వే అనుకున్నాను సుమా! ఇల్లంతా తిరిగొచ్చి, ఈయనేంటి మళ్లీ గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు అనుకున్నా." కిసుక్కున నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "తీరా నీ మొహం చూస్తే... నువ్వలా చూశావంటే నాదే అయ్యుంటుందిలే. మొన్న అక్కతో కూడా అన్నాను, ఈ ఏనుగుని ఇంక మొయ్యలేనే అని. ఇవాళ్టితో ఆపేస్తాను బావా. నలుగుర్లో నీ పరువు తియ్యను."

పట్టుబడితే వచ్చే సిగ్గుకి ఆయన సిద్ధంగానే ఉన్నాడు. బావమరిదికి అంతా తెలుసనీ, తెలిసే ఊరుకున్నాడనీ, ఎప్పట్లాగే క్షమిస్తాడనీ లెక్కేసుకున్నాడు.

ఎదుటివాడు నమ్మేస్తే వచ్చే సిగ్గు ఒకటుంటుందని ఆయనకి తెలియదు.

నోట్లో రీడున్నవాడు మాట్లాడలేడు. రీడు ఎప్పుడో నానిపోయింది. ఆయన తియ్యలేదు.

"ఆ పాటే ఇంకోసారి వాయిద్దామా?" లేస్తూ అడిగాడు బావమరిది. "ఈసారి తప్పన్లే."

వాన పెరిగింది.

పాట మొదలైంది. బేస్ గొంతు తగ్గింది. ఎదుటివాళ్లకి ఆ తేడా తెలియదు. ఆయన అరికాళ్లకి తెలిసింది. ప్రతి గది చివరా బావమరిది కళ్లెత్తి ఆయన మొహంలోకి చూస్తున్నాడు — ఇప్పుడే కదా? ఇటే కదా?

చెప్పాలి. ఈ చుట్టు అవగానే చెప్పాలి. హాలంతా వినేలా... కాదు, ముందు వీడికి. ఏమని? తప్పింది నేను. లేదా... తప్పింది నువ్వు కాదు. ఏది తేలికో, ఏది నిజంగా చెప్పడమో. మనసు ఆ రెండు మాటలనీ తూస్తోంది. వేళ్లు వాటంతటవి నడుస్తున్నాయి.

ఒక గది అయింది.

ఇది మొదటిదా? రెండోదా?

తెలియలేదు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. నలభై ఏళ్లుగా చేస్తున్నదే. కిందికి వినాలి, అంతే. నేల చెబుతుంది.

విన్నాడు.

నేల ఆగిపోయి ఉంది.

బావమరిది వేలు తీగ మీదే ఉంది. లాగడం లేదు. కళ్లు ఆయన మొహం మీద ఉన్నాయి, ఆయన ఎటు వెళ్తే అటు రావడానికి... తన చెవిని పక్కన పెట్టేసి, పూర్తి నమ్మకంతో.

శాక్సఫోనూ ఆగింది. వింటున్నవాళ్లు, కావాలనే ఆగారనుకున్నారు. ముందు వరసలో ఎవరో "ఆహా..." అన్నారు, చాలా మెల్లిగా. గుమ్మం దగ్గర యజమానురాలు కళ్లు మూసుకుంది.

ఆయన పెదవులు శాక్సఫోన్‌ని వదిలాయి.

ఎడమవైపు తిరిగాడు.

"ఒరేయ్..." అన్నాడు. వాడికి మాత్రమే వినబడేంత.

పైన రేకుల మీద వాన. ఒకటో చినుకో... పదో చినుకో...