మూడు వేల ఫైళ్ల లారీ

పిడుగురాళ్లలో సున్నపురాయి లారీలకు బొమ్మలు వేసే హబీబుల్లా కూతురు షబీనా. డోర్ల మీద నెమళ్లు, డీజిల్ ట్యాంకు మీద తామరపూలు వేయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. స్టిక్కర్లు వచ్చాక పని తగ్గింది. కంప్యూటర్లో లారీలు నడిపే ఆట ఒకటి షబీనాకు ఇష్టం. అందులోని లారీలు బోసిగా ఉన్నాయనిపించి, తండ్రి బొమ్మలన్నీ ఫొటోలు తీసి, ఆ లారీలకు అతికేలా, ఆటకు జోడించుకునే ఒక మోడ్ తయారుచేసింది. ఎవరికి నచ్చిన పువ్వు వాళ్లు పెట్టుకోవాలని రేకు రేకూ విడి ఫైలుగా ఉంచింది. మొత్తం మూడు వేల చిల్లర ఫైళ్లయ్యాయి.

నెట్లో పెట్టిన వారానికి రొంపిచెర్ల నుంచి రవి కుమార్ అనే ఆయన మెసేజ్ పంపాడు. "చెల్లెమ్మా, బొమ్మలు చానా బాగున్నాయంటున్నారు. నాకు మాత్రం ఆట తెరుచుకోవడానికే ఏడు నిమిషాలు పడతాంది."

"మీ కంప్యూటర్ పాతదేమో అన్నా. మా ఇంట్లో అర నిమిషంలో వస్తోంది" అని రాసి ఊరుకుంది షబీనా.

టీ తాగుతూ ఆ మాట తండ్రికి చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పాత బండి తెచ్చాడని ఎవరికైనా బొమ్మ వెయ్యనన్నానా నేను?"

షబీనా ముఖం చిన్నబోయింది. రవి కుమార్‌కు ఫోన్ చేసి, ఆదివారం వస్తామని చెప్పింది.

తండ్రీ కూతుళ్లు నరసరావుపేటలో బస్సు మారి రొంపిచెర్ల చేరేసరికి పదకొండయింది. రవి కుమార్ క్వారీ లారీ నడిపి నడిపి, నడుము పట్టేసి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. "మొన్న తొందరపడి అట్లా రాశానన్నా, ఏమనుకోవద్దు" అంది షబీనా. ఆయన నవ్వేసి కుర్చీ జరిపాడు.

ఆట తెరిచారు. పాత హార్డ్ డిస్క్ లోపల కరకరమంటోంది. ఏడు నిమిషాల పది సెకన్లకు లారీ కనిపించింది. షబీనా తన కంప్యూటర్లో ఆ చప్పుడు ఎన్నడూ వినలేదు. తన దాంట్లో ఉన్నది చప్పుడు చెయ్యని కొత్తరకం డిస్క్.

"ఏందమ్మా దాని బాధ?" అన్నాడు హబీబుల్లా.

"ప్రతి చిన్న ఫైలునూ అది వెతకాలి, తెరవాలి, చదవాలి, మూయాలి నాన్నా. మూడు వేల సార్లు."

"మరి అన్నీ ఒక్కచోట కట్టెయ్యి."

తను చేయబోయేదీ అదే. ఫైళ్లన్నిటినీ ఒకే ప్యాక్‌గా, వీలైనంత కుదించి కట్టింది. ఈసారి డిస్క్ చప్పుడు తగ్గింది కానీ, నాలుగు నిమిషాలు పట్టింది.

"దాదాపు సగం తగ్గిందిగా, చాలమ్మా" అన్నాడు రవి కుమార్.

షబీనా ఒప్పుకోలేదు. చూస్తే ప్రాసెసర్ నూటికి నూరు పాళ్లూ పనిలో మునిగి ఉంది. గట్టిగా కుదించిన వాటిని మళ్లీ విప్పడానికే దాని శక్తంతా పోతోంది. అందుకని కుదించకుండా, ఉన్నవి ఉన్నట్టే ప్యాక్ చేసింది. సైజు రెండింతలైంది. ఈసారి యాభై సెకన్లలో లారీ తెర మీదికొచ్చింది. రవి కుమార్ చప్పట్లు కొట్టి, వంటింట్లో ఉన్న భార్య సుభాషిణిని పిలిచాడు.

హబీబుల్లా మాత్రం కళ్లజోడు సవరించుకుని తెర దగ్గరికి వంగాడు. తన నెమలి ఒక బండి మీద కదలడం చూసి ఆయన మొహం విప్పారింది. అంతలోనే వేలు పెట్టి చూపించాడు.

"అవతలి డోరు నెమలి వెనక్కి చూస్తాంది. బండి పోయే వైపు చూడాలమ్మా."

నిజమే. ఒకే బొమ్మను రెండు డోర్లకూ వాడేసింది షబీనా.

"ఇంతకుముందైతే ఆ ఒక్క ఫైలూ మారిస్తే సరిపోయేది నాన్నా. ఇప్పుడు ప్యాక్ మొత్తం మళ్లీ కట్టాలి."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"అన్నం తినేలోపు అయిపోద్ది, కట్టు" అన్నాడు హబీబుల్లా.

సుభాషిణి అప్పటికే కంచాలు పెడుతోంది. షబీనా నెమలిని బండి ముందుకు తిప్పి, పని మొదలుపెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచింది.