ఉల్టా గేర్లు

వీరేందర్‌కు ఎవరినో ఒకరిని అనుమానించనిదే అన్నం సహించదు. పక్కింటివాళ్లు నవ్వుకుంటే తన గురించేనంటాడు. పప్పు నీళ్లగా ఉంటే దుకాణంవాడు తూకంలో కొట్టాడంటాడు. అలాంటివాడికి నిజంగానే అనుమానించాల్సిన సంగతి దొరికితే ఊరుకుంటాడా?

కోరుట్లలో ఇంటి ముందు పెట్టి వెళ్లే అతని బండిని ఎవరో వాడుతున్నారు. అతను పొద్దున్నే బియ్యం మిల్లు వ్యాను తోలుకుని జగిత్యాలకో సిరిసిల్లకో పోతే సాయంత్రానికి గానీ రాడు. వచ్చి చూస్తే బండి అద్దం పక్కకు తిరిగి ఉంటుంది. చక్రాలకు ఎర్రమట్టి. తాళంచెవి మాత్రం ఏమీ ఎరగనట్టు మేకుకు వేలాడుతుంటుంది.

ఎవరు తీస్తారు? భార్య కల్పనకు బండి నడపడం రాదు. కల్లు గీసే తండ్రి మొండయ్యకు పాత బండి ఉంది. ఈమధ్య అది గోడవారనే ఉంటోంది, తోటి గౌడులతో ఆటోలో తాటివనానికి పోతున్నానంటాడు. ఇక మిగిలింది తమ్ముడు కుమార్. సెల్‌ఫోన్ దుకాణంలో పని, మధ్యాహ్నం తిండికి ఇంటికొస్తాడు.

"నా బండి తీస్తున్నవా?" అని నిలదీశాడు.

"నాకెందుకన్నా నీ బండి? నా దుకాణం గీ పక్కనే గదా."

"మరి మట్టెక్కడిది?"

"నాకేమెరుక?"

ఆ మాట చాలు, వీరేందర్ తీర్పు చెప్పేశాడు. "ఇంట్లనే దొంగను పెట్టుకొని బయట తాళాలేస్తున్నం" అని కల్పన ముందే అనేశాడు. కుమార్ చేతిలోని ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయాడు. అదీ రుజువే అనుకున్నాడు ఈయన.

తాళంచెవి వెంట తీసుకుపోతే పీడ పోయేది. కానీ అప్పుడు దొంగ దొరకడు కదా!

మెట్‌పల్లిలో ఒక మెకానిక్ చెప్పిన ముచ్చట అతనికి గుర్తొచ్చింది. తన బండీ తండ్రి బండీ ఒకే కంపెనీవి. తండ్రి బండికి గేరు లివర్ నేరుగా ఇంజనుకే బిగుసుకుంటుంది. తనదానికి నడుమ ఒక కడ్డీ ఉంటుంది. దీనిది దానికి, దానిది దీనికి మారిస్తే గేర్లు ఉల్టా అవుతాయి. ముందుకు తొక్కితే పెరగాల్సిన గేరు తగ్గుతుంది. సంగతి తెలియనివాడు ఎక్కితే తికమకపడి కిందపడాల్సిందే. మోకాలు గీరుకున్నవాడే దొంగ.

మరునాడు పొద్దున కల్పన వాకిలి ఊడ్చేలోపు పాన పట్టుకుని పని కానిచ్చేశాడు. తండ్రి బండి లివర్ తనదానికి బిగించాడు. ఆ బండి బోసిగా కనిపిస్తే కుమార్ పసిగడతాడని తన లివర్‌ను దానికి బిగించాడు. మూలన పడి ఉన్న బండిని ఎవరెక్కుతారులే అనుకున్నాడు.

సిరిసిల్లలో బస్తాలు దింపుతున్నంతసేపూ అతనికి సంబరమే. కుంటుకుంటూ ఎదురొచ్చే తమ్ముణ్ని ఏమేమి అనాలో వరసగా పేర్చుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుమార్ చక్కగా నడుస్తున్నాడు. చేతిలో పసుపు గిన్నె ఉంది. మంచం మీద మొండయ్య, మోకాలి మీద గుడ్డ. పక్కనే చెట్టెక్కే మోకు చుట్టచుట్టి పెట్టి ఉంది.

"ఏమైంది బాపూ?"

మొండయ్య తల ఎత్తలేదు. "నీ బండి నేనే తీస్కపోయేటోన్ని కొడుకా. కిక్కు కొడితే మోకాలు గుంజుతుంది. నీదానికి బటన్ ఒత్తితే చాలు. చెప్తే ముసలోన్నైన్నని మీరు చెట్లెక్కనియ్యరని చెప్పలే."

వీరేందర్ బయట ఉన్న బండ్ల వైపు చూశాడు.

"ఇయ్యాల నీ బండెక్కితే గేరు పడలే. ముందుకు తొక్కితే ఉత్తగనే గుర్రుమన్నది. కొత్త బండి, నాకు సరిగ తెలువదేమో అనుకున్న. తెచ్చి ఇంట్ల పెట్టి, పాణం బిగవట్టి నా బండికే కిక్కు కొట్టిన. ఇరవై ఏండ్ల సంది తోలిన బండి. అదీ గట్లనే చేసింది. ఎట్లనో గేరేసి కదిలిచ్చినంక, పెంచుదామని తొక్కితే గుంజి కిందేసింది." మొండయ్య మోకాలి మీద గుడ్డను నొక్కుకున్నాడు. "ఒక్క బండైతే బండిది తప్పనుకోవచ్చు. రెండు బండ్లు ఒక్కసారే ఎట్ల ఖరాబైతయిరా? నా కాలే నా మాట ఇంటలేదు. గీ కాలును నమ్మి ఇగ చెట్టెట్లెక్కాలె? పొద్దుగాల గీ మోకు నాతోటి చెట్లెక్కే రాజమల్లుకు ఇచ్చిరా."

వీరేందర్ మోకును చేతిలోకి తీసుకున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కూడా. పొద్దున్నే లివర్లు మార్చేస్తే సరి. కానీ ఆ ముసలాయన తన కాలివేళ్లను పరాయివాళ్లను చూసినట్టు చూసుకుంటుంటే అతనికి ఏడుపొచ్చింది. సిగ్గు విడిచి అంతా చెప్పేశాడు.

మొండయ్య చాలాసేపు నమ్మలేదు. నమ్మాక కాలు చాపాడు, మడిచాడు, మళ్లీ చాపాడు. "అయితే నాకేం కాలేదారా? నా మతి మంచిగనే ఉన్నదా?" అని కళ్లనీళ్లతో నవ్వాడు. కొడుకును తిట్టనైనా లేదు.

వీరేందర్ ఊపిరి పీల్చుకుని తమ్ముడి వైపు తిరిగాడు. కుమార్ పసుపు గిన్నె కింద పెట్టి చేతులు తుడుచుకుంటున్నాడు.

"బాపును అడుగుదామని గూడ అనుకోలే నువ్వు. నన్నైతే దొంగనన్నవ్" అన్నాడు. "ఇయ్యాల పడ్డది నేనైతే గిదంతా చెప్తుంటివా అన్నా?"

వీరేందర్ వంగి పసుపు గిన్నె తీశాడు. కుమార్ చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లిపోయాడు.