కూతురి గుమ్మం దాటి

ఉదయం నుంచి కొండమీది సైనిక పోస్టుకు ఫోన్లు కలవడం లేదు. బయటివాళ్ళయితే లైను చెడిపోయిందనుకుని ఊరుకుంటారు. సైనికుల క్వార్టర్లలో ఎవరూ అలా అనుకోరు. పైన ఎవరో పోయారు, ఆ ఇంటికి కబురు అందేదాకా ఇంకెవరి నోటా పొక్కకూడదని అధికారులే ఆ లైన్లు ఆపించారు. ఈ సంగతి అక్కడ పాలు పోసేవాడికి కూడా తెలుసు.

ప్రధాన ధర్మగురువుగారు తన ఆఫీసు గదిలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నారు. కుర్చీలో కూర్చుంటారు, లేస్తారు, కిటికీ తెరుస్తారు, మళ్ళీ మూస్తారు. బంట్రోతు తెచ్చిన టీ చల్లారిపోయింది. అల్లుడు ఆ పోస్టులోనే ఉన్నాడు. కూతురికి ఏడో నెల.

ధర్మగురువంటే ఎక్కడో ప్రశాంతంగా కూర్చుని ప్రవచనాలు చెప్పే మనిషి అనుకునేరు. ఈయన సైన్యం జీతం తీసుకునే గురువు. యూనిఫాం వేసుకుంటారు, భుజాన నక్షత్రాలు ఉంటాయి. పాతికేళ్ళ వయసులో చేరి, గుడారాల్లో నేలమీద పడుకుని, కుర్రాళ్ళ పెళ్ళిళ్ళు జరిపించి, ఇంటిమీద బెంగతో తిండి మానేసినవాళ్ళకి దగ్గర కూర్చుని ముద్దలు తినిపించి, అలా అలా పైకొచ్చారు. ఇప్పుడు చిన్న గురువులందరూ ఈయన కింద పనిచేస్తారు. కానీ ఎన్ని చేసినా ఏం లాభం? జనానికి గుర్తుండిపోయింది ఒక్క పనే. చావు కబురు తీసుకెళ్ళే అధికారి వెంట వెళ్ళేది ఈయనే. వెనకాల జవాన్లు ఈయనకు పెట్టిన పేరు టెలిగ్రాం. ఆ ముక్క ఈయన చెవిన కూడా పడింది, నవ్వేసి ఊరుకున్నారు గాని, ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందుకే కూతురి ఇంటికి ఏనాడూ యూనిఫాంలో వెళ్ళరు. వదులు చొక్కా ఒకటి తగిలించుకుని, వీధి మొదట్లోనే గొంతు పెంచి కూరగాయల ధరల్ని తిడుతూ నడుస్తారు. ఆ తిట్లు వినబడితే ఆడవాళ్ళ ప్రాణం కుదుటపడుతుంది. టెలిగ్రాంగారు ఈవేళ ఉత్త నాన్నగారే అని తెలుస్తుంది.

కబురు తీసుకెళ్ళే పద్ధతి కూడా ఈయన పెట్టిందే. ఒకప్పుడు జీపు తిన్నగా ఇంటి ముందే ఆగేది. ఒకసారి ఒక కుర్ర అధికారి ఇల్లు తెలియక పక్కింట్లో అడిగాడు. పక్కింటావిడ ఘొల్లుమంది. ఆ ఏడుపు విని అసలావిడ బయటికొచ్చి, ఎవరికి, ఎవరికి అని ఓదార్చడానికి పరిగెత్తింది. ఆ రోజు గురువుగారు బల్ల గుద్ది చెప్పారు: జీపు వీధి మొదట్లో ఆగాలి. నడిచి వెళ్ళాలి. అటూ ఇటూ చూడకూడదు, పలకరించినా పలకకూడదు. ఎవరి కష్టమో వాళ్ళే ముందు వినాలి, అదీ నోటిమాటగా వినాలి. అధికారి చెబుతాడు, గురువు అక్కడే ఉండిపోతాడు.

తలుపు తోసుకుని యువ కెప్టెన్ వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మలుపులో బండి లోయలోకి దొర్లిందనీ, ఒక్కడే పోయాడనీ చెప్పాడు. పేరు చెప్పేలోపు గురువుగారి గుండె ఆగినంత పనయింది. పోయింది ఒక హవల్దారు. అల్లుడు కాదు.

"అమ్మయ్య" అన్నారు గురువుగారు.

అనేశాక గాని వినబడలేదు ఆయనకి. కెప్టెన్ తల దించుకున్నాడు. సిగ్గుతో గురువుగారి ఒళ్ళు కుంచించుకుపోయింది. ఆ హవల్దారు పెళ్ళి జరిపించింది ఈయనే. వాళ్ళ ఇల్లు కూతురి వీధిలోనే, కూతురి ఇల్లు దాటాక మూడో గుమ్మం. హవల్దారు భార్య ఈయన కూతురికి సొంత అక్కకన్నా ఎక్కువ. మందులు వేళకి మింగించేదీ, ఆసుపత్రికి తోడు వెళ్ళేదీ ఆ పిల్లే. వరసకలిపి ఈయన్ని నోరారా బాబాయిగారూ అని పిలుస్తుంది.

అంతలో ఫోను మోగింది. కూతురు.

"నాన్నా, నువ్వు చెప్పకూడదని నాకు తెలుసు. చెప్పొద్దు. ఆయన బాగుంటే ఊరికే ఒకసారి దగ్గు, చాలు."

గురువుగారికి నిజంగానే గొంతు గరగరలాడింది. దగ్గితే ఏం పోయింది? ఎవరికి తెలుస్తుంది? కానీ కూతురి పక్కన ఎవరున్నారో తెలియదు. ఉంటే ఎవరుంటారో మాత్రం తెలుసు. మాట్లాడకుండా ఫోను పెట్టేశారు. కన్నతండ్రినా, కసాయివాణ్ణా అని తనని తానే తిట్టుకున్నారు. వేరే గురువుని పంపుదామా అండీ అని కెప్టెన్ మెల్లగా అడిగాడు. పెళ్ళికి నేను, దీనికి ఇంకొకరా అని ఈయన టోపీ అందుకున్నారు.

జీపు వీధి మొదట్లో ఆగింది. ఇద్దరూ దిగి నడక మొదలుపెట్టారు. కుళాయి దగ్గర బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు. ఒక్కో గుమ్మంలో ఒక్కో మనిషి, కొయ్యబారిపోయి. దాటిన గుమ్మంలో ఊపిరి వదిలిన చప్పుడు, ముందు గుమ్మంలో బిగబట్టిన చప్పుడు. గురువుగారి కాళ్ళు తొందరపడుతున్నాయి, ఆయన వాటిని ఆపుతున్నారు.

కూతురి గుమ్మం వచ్చింది. చూడకపోయినా కంటి కొసకి ఆమె చీర రంగు తగిలింది. "నాన్నా" అంది. ఒక్కసారి తల తిప్పితే చాలు. వెనకాల కెప్టెన్ అడుగు తడబడింది. గురువుగారు తిప్పలేదు. దాటారు. తన పిల్లని అలా నిలువునా వదిలేసి ఎలా దాటారో ఆయనకే తెలియాలి.

మూడో గుమ్మం ముందు ఆగి తలుపు తట్టారు. పొయ్యి మీద ఏదో పెట్టుకుని ఉన్నట్టుంది, హవల్దారు భార్య చెయ్యి తుడుచుకుంటూ తీసింది. గురువుగారి మొహం చూసింది. యూనిఫాం చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కెప్టెన్ అటెన్షన్‌లో నిలబడి నోరు తెరిచేలోపే ఆమె గడప దాటొచ్చి గురువుగారి రెండు చేతులూ పట్టుకుంది.

"అయ్యో బాబాయిగారూ, ఎంత కష్టమొచ్చింది. సొంత బిడ్డకి ఒంటరిగా చెప్పలేక నాకోసం వచ్చారు కదా. పదండి. నేను పట్టుకుంటాను దాన్ని. వట్టి మనిషి కూడా కాదు."

ఇన్నేళ్ళలో ఎన్ని గుమ్మాల ముందు నిలబడ్డారో, తిట్టినవాళ్ళున్నారు, కొట్టినవాళ్ళున్నారు, తలుపు మొహాన వేసినవాళ్ళున్నారు. ఓదార్చినవాళ్ళు లేరు. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి ఆర్పి, కాళ్ళకి చెప్పులు తగిలించుకుని వచ్చి, ఆయన్ని చెయ్యిపట్టుకుని కూతురి ఇంటివైపు నడిపిస్తోంది. అమ్మా ఆగు అని ఈయన అంటూనే ఉన్నారు. ఆ మాటని ఏడుపు అనుకుంటోంది ఆమె. నేనున్నాగా, నేనున్నాగా అంటోంది.

కూతురు వీధిలోకి వచ్చేసింది. తండ్రి తన గుమ్మం దాటిపోయాడు, అంటే మొగుడు బతికే ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన మనిషి మొహాన్ని ఎంతని దాచుకుంటుంది? కన్నీళ్ళు కారిపోతున్నాయి, వాటి వెనకాల మొహం వెలిగిపోతోంది. అంతలో ఎదురుగా వస్తున్న అక్కని చూసింది. ఆ వెలుగు అలాగే ఉండిపోయింది, తీసేసుకోవడం ఆమెకి చేతకాలేదు.

హవల్దారు భార్య ఆగిపోయింది. కూతుర్ని చూసింది. ఏడుస్తున్న ఆ మొహంలో ఆ వెలుగునే చూసింది. వెనక్కి తిరిగి గురువుగారి కళ్ళలోకి చూస్తూ, పట్టుకున్న చెయ్యి వదలకుండానే అడిగింది.

"బాబాయిగారూ, మీరు వచ్చింది మా ఇంటికా?"

"మీ ఇంటికేనమ్మా," అన్నారు గురువుగారు.