గోదాము నుంచి వస్తోంది

కుండు బాబు పుస్తకాల కొట్టులో "లేదు" అనే మాట నిషేధం. అడిగిన పుస్తకం ఉంటే "ఉంది, కూర్చోండి" అనాలి. లేకపోతే "గోదాము నుంచి వస్తోంది, కూర్చోండి" అనాలి. అనేసి పనికుర్రాడు గోపేన్‌ని వెనక సందులోంచి పక్క కొట్లకు పరుగెత్తించాలి. కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లో మనిషి బల్ల మీద కూర్చున్నాడంటే కొన్నట్టే. నిలబడ్డాడంటే పక్క కొట్టుకు పోయినట్టే.

ఆ కూర్చోబెట్టే విద్యలో కొట్టు గుమాస్తా శశాంక సామంతను మించినవాడు ఆ వీధిలో లేడు. కౌంటరు దగ్గరికి వచ్చిన మనిషి నోరు తెరవకముందే ఎవరి కోసం కొంటున్నాడో, ఎంత తొందరలో ఉన్నాడో, టీకి ఒప్పుకుంటాడో లేదో పసిగట్టేస్తాడు.

ఆ జనవరి ఉదయం షట్టరు ఎత్తగానే వచ్చిన ఆకుపచ్చ శాలువా మనిషి మాత్రం అతనికి అంతుపట్టలేదు. వంటల పుస్తకం అడిగింది. ఇస్తే పేజీలు తిప్పుతోంది గానీ చూపంతా రోడ్డు మీదే. కుట్టుపని పుస్తకం ఇచ్చాడు. అదీ అంతే. స్కూలు యూనిఫామ్‌లో ఏ పిల్ల మెట్లెక్కినా శాలువా తల మీదికి లాక్కుంటోంది.

శశాంక మట్టి ముంతలో టీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"దీదీ, మీకు కావలసింది పుస్తకం కాదు. ఎవరి కోసమో చూస్తున్నారు. అవునా?"

ఆమె ఉలిక్కిపడి సంచీ అందుకుంది.

"లేవకండి. మా కొట్లో పెళ్ళిచూపులు కూడా జరిగాయి. నేనెవరికీ చెప్పను."

ఆమె సంచీ వదిలి ముంత అందుకుంది. తర్వాత మెల్లిగా అంది. "నా కూతురు దాదా. ఇవాళ వాళ్ళ తరగతి పుస్తకాలు మీ దగ్గరే తీసుకోవాలట."

ఆమె పేరు సుదేష్ణ. విడాకుల కేసు నడుస్తోంది. పిల్ల తండ్రి దగ్గరుంది. నెలకోసారి చూపించమని కోర్టు చెప్పింది. వెళ్ళిన ప్రతిసారీ పిల్లకు జ్వరమన్నారు, ఆఖరికి చెప్పకుండా ఇల్లే మార్చేశారు. స్కూలు గేటు దగ్గరికి వెళితే పిల్లనెత్తుకుపోవడానికి వచ్చిందని కేసు పెడతామన్నారు. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ ఇంకొకటి. ఆమె ఫోను నంబరు భర్త పేరు మీద ఉండేది. అతను దాన్ని తీయించేశాడు.

"దానికి ఆ పాత నంబరే నోటికొచ్చు. ఎప్పుడు వీలైతే అప్పుడు చేస్తూనే ఉంటుంది దాదా, నాకు తెలుసు. కొత్త నంబరు దాని చెవిలో వెయ్యాలి. అంతే. ఇంకేం వద్దు."

"చీటీ మీద రాసివ్వండి, పుస్తకంలో పెట్టేస్తాను."

"వద్దు. దాని మేనత్త ఉంది, పిసి. ప్రతి పుస్తకానికీ తనే అట్ట వేస్తుంది. పేజీ పేజీ దులుపుతుంది. చెవిలో పడితే చాలు. ఊళ్ళో బస్సుల నంబర్లన్నీ దానికి కంఠతా. ఒక్కసారి వింటే మరిచిపోదు."

శశాంక కౌంటరు మీద వేళ్ళతో తాళం వేశాడు. "అయితే ఇది నా పని. పిసిగారిని మేడెక్కిస్తాను. పిల్ల కింద బల్ల మీద ఉంటుంది. మీరు పక్కన కూర్చుని చెప్పేసి లేచిపోండి. నేను కూర్చోబెట్టిన మనిషి నేను లెమ్మనేదాకా లేవదు, చూస్తుండండి."

ఆమె మొదటిసారి నవ్వింది.

మధ్యాహ్నానికి కొట్టు కిటకిటలాడింది. శశాంక నిచ్చెన మీద, రెండు చేతుల నిండా లెక్కల పుస్తకాలు. గల్లాపెట్టె దగ్గరి నుంచి కుండు బాబు గొంతు లేచింది.

"ఏమమ్మా, పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఇదేమన్నా మేనమామ ఇల్లా? కొనేవాళ్ళకి బల్ల వదలండి."

జనం నవ్వారు. సుదేష్ణ లేచి నిలబడింది, ముఖం కందిపోయింది. నిచ్చెన కిందికి వచ్చి, "వస్తాను దాదా," అంది.

అతను తిరిగి చూసేలోగా గుంపులో కలిసిపోయింది.

వస్తాను. పోతున్నానని నోటితో అనకూడదు గనక శాశ్వతంగా పోయేవాళ్ళూ ఆ మాటే అంటారు. క్షణంలో తిరిగొచ్చేవాళ్ళూ ఆ మాటే అంటారు. అవమానపడి వెళ్ళిపోయిందా? లేక ఈ కొట్లో ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు గనక రోడ్డు దాటి ఆసుపత్రి వైపు వెళ్ళిందా? శశాంకకు తెలియలేదు. మెట్ల దాకా వెళ్ళి చూశాడు. సరిగ్గా అప్పుడే రోడ్డు మొత్తం నిండిపోయేలా ఊరేగింపు వచ్చింది. జెండాలు, మైకులు, "ఈ అన్యాయం నడవదు, నడవదు!" అని అరుపులు. ట్రాము పట్టాల మీద ఈగ దూరే సందు లేదు.

వెనక్కి తిరిగేసరికి కౌంటరు దగ్గర వాళ్ళు నిలబడి ఉన్నారు. మెడ దాకా మఫ్లర్ చుట్టుకున్న ఒక లావుపాటి ఆవిడ, పక్కన రెండు జడల పిల్ల.

"ఆరో తరగతి పుస్తకాలు. త్వరగా ఇవ్వండి, టాక్సీ మాట్లాడి వచ్చాను."

పిల్ల సంచీ మీద తోర్సా అని పేరుంది. గడ్డం అచ్చం సుదేష్ణ గడ్డమే.

శశాంక చెయ్యి కౌంటరు కిందికి వెళ్ళింది. మిగిలిన ఒక్క చరిత్ర పుస్తకాన్నీ కింద పడేసి కాలితో లోపలికి తోసేశాడు.

"అన్నీ ఉన్నాయి దీదీ. చరిత్ర ఒక్కటీ గోదాము నుంచి వస్తోంది, కూర్చోండి. ఈలోగా మేడ మీద అట్టల కాగితాలు చూడండి, కొత్త రకాలు దిగాయి. చిరగనే చిరగవు."

"చిరగవా?" పిసి కళ్ళు మెరిశాయి. "తోర్సా, కదలకుండా ఇక్కడే కూర్చో."

ఆవిడ మెట్లెక్కింది. శశాంక గోపేన్‌ని ఎక్కడో దూరంలో ఉన్న కొట్టు పేరు చెప్పి తరిమాడు. పిల్ల బల్ల మీద కాళ్ళూపుతూ కూర్చుంది. అంతా అనుకున్నట్టే జరిగింది. పక్కన కూర్చోవలసిన మనిషే లేదు.

శశాంక గుమ్మం వైపు చూశాడు. జెండాలు తప్ప ఇంకేం కనిపించలేదు. ఇక ఆగలేక బల్ల దగ్గరికి వంగాడు.

"నీ పేరు తోర్సా కదూ?"

"సంచీ మీద రాసే ఉంది కదా, మళ్ళీ ఎందుకడగడం?"

"మీ అమ్మ ఇందాక ఇక్కడే కూర్చుంది తల్లీ."

ఊగుతున్న కాళ్ళు ఆగిపోయాయి. పిల్ల ముందు మేడమెట్ల వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"నంబరు చెప్పిందా? నానమ్మ ఫోన్లోంచి రోజూ చేస్తున్నాను. ఆ నంబరు వాడుకలో లేదంటోంది ఒకావిడ."

వచ్చిన ప్రతివాడికీ ఏం కావాలో చెప్పకుండానే కనిపెట్టే మనిషి, పొద్దుటి నుంచి పక్కనే ఉన్న ఆడమనిషిని ఆ పది అంకెలూ అడగలేదు.

"నంబరు... నాకు చెప్పలేదమ్మా."

"మరేమంది?"

"వస్తానంది."

పిల్ల అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. "వెళ్ళేటప్పుడు అనే వస్తానా, నిజంగా వచ్చే వస్తానా?"

"తెలీదు తల్లీ."

"దొరికింది శశాంకదా!" గోపేన్ గొంతు కౌంటరు కింది నుంచి ఖంగుమంది. దారిలోనే ఏదో అనుమానం వచ్చి తిరిగొచ్చాడట. చరిత్ర పుస్తకాన్ని జెండాలా ఎత్తి పట్టుకున్నాడు. "మీ కాళ్ళ కిందే పెట్టుకుని నన్ను ఊరంతా తిప్పుతారా! ముసలితనం వచ్చేసింది మీకు."

మేడ మీది నుంచి పిసి దిగివచ్చింది. గోపేన్ చకచకా పుస్తకాలను పాత పేపర్లో చుట్టి పురికొస బిగించేశాడు. కుండు బాబు ఆవిడ కొన్న అట్టల కట్ట చూసి కరిగిపోయాడు.

"రోడ్డు మూసేశారు దీదీ, ఇటు వెళ్ళలేరు. టాక్సీని వెనక సందుకి రమ్మనండి. శశాంకా, మన గోదాములోంచి దారి చూపించు. జాగ్రత్త, చీకటి."

"కాసేపు ఆగితే రోడ్డు ఖాళీ అవుతుంది బాబూ. టీ తెప్పిస్తాను..."

"బిల్లయిపోయిన వాళ్ళకి టీ ఏమిటోయ్? పద!"

చేతులు కట్టేసినట్టయింది. తనే ముందు నడిచాడు. కట్టల మధ్య ఇరుకు దారిలో మూడోవంతు వెళ్ళాక తట్టింది, కనీసం కొట్టు ఫోను నంబరైనా పిల్లకు చెప్పి ఉండాల్సిందని. అప్పటికి పిసి దాని చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. పిల్ల నడుస్తూ నడుస్తూ వెనక్కే చూస్తోంది. వెనక తలుపు గడియ శశాంకే తీశాడు.

తిరిగొచ్చేసరికి సుదేష్ణ కౌంటరు పట్టుకుని రొప్పుతోంది. శాలువా ఎక్కడో జారిపోయింది.

"ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోయాను దాదా. పోలీసులు తాడు కట్టేశారు, దాటనివ్వలేదు. వచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడే వెళ్ళింది. రండి!"

ఆమెను గోదాములోకి లాక్కుపోయాడు. ఆ దారి అతనికి అలవాటు, ఆమెకు కాదు. కట్టలు తగిలి వెనకబడింది. సందు చివర ఊరేగింపు తోక ఇంకా సాగుతూనే ఉంది. దాని పక్కన పసుపు టాక్సీ నత్తలా కదులుతోంది. వెనక కిటికీలో రెండు జడలు.

శశాంక పరుగెత్తి టాక్సీ వెనక భాగాన్ని చేత్తో అందుకున్నాడు. "తోర్సా, అటు చూడు, మీ అమ్మ!"

తోర్సా చూసింది. పిసీ చూసింది. కిటికీ అద్దం పైకి లేవడం మొదలైంది.

"తొమ్మిది!" వెనక నుంచి సుదేష్ణ అరిచింది. గుట్టూ భయమూ అన్నీ వదిలేసి, గొంతు చించుకుని, పరుగెడుతూ అరిచింది. "ఎనిమిది! మూడు! సున్నా! ఆరు! ఆరు!"

"నడవదు! నడవదు!" మైకు ఒక్కసారిగా గర్జించింది. జనమంతా అందుకున్నారు. ముందు దారి దొరికిన టాక్సీ ఒక్క ఉదుటున ముందుకు దూకింది. శశాంక చేతిలో ఏమీ మిగల్లేదు. సుదేష్ణ నోరు ఇంకా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉంది. ఏడడుగుల దూరంలో నిలబడ్డ అతనికే ఒక్క అంకె వినబడలేదు.

టాక్సీ వెనక అద్దంలో పిల్ల ముఖం చిన్నదవుతూ పోయింది. దాని పెదాలు కదులుతున్నాయి. వల్లె వేసుకుంటోంది. అతనికి వినబడినంతే దానికీ వినబడి ఉంటే, ఆరు అంకెలు ఉన్నాయి. చివరి నాలుగూ లేవు.