తడి మూట

నా లాండ్రీలో పనికి వచ్చినవాణ్ణి నేను మొదట పేరు అడగను. "ఒంట్లో ఎలా ఉంటుంది?" అని అడుగుతాను. రాయిలా ఉన్నానన్నవాణ్ణి రేపు రమ్మంటాను. ఆ రేపు ఎప్పటికీ రాదు. దగ్గుందనో, నడుము పట్టేసిందనో, కళ్ళు మసకలనో నసిగినవాణ్ణి వెంటనే లోపలికి పిలుస్తాను. చూసినవాళ్ళు దీన్ని జాలి అనుకున్నారు. నేనూ కాదనలేదు. గట్టిగా ఉన్నవాడికి పది చోట్ల పని దొరుకుతుంది కాబట్టి పదకొండో చోట నోరు చేసుకుంటాడు. రోగిష్టివాడు ఇచ్చింది పుచ్చుకుని "అలాగే అయ్యగారూ" అంటాడు. నాకు కడుపులో చల్ల కదలకుండా గడిచిపోతుంది.

వీధి చివర ఆ ఉచిత ఆసుపత్రి పెట్టేదాకా గడిచింది.

నా దగ్గర ఇస్త్రీ చేసే మనిషిని అందరూ మడతయ్య అంటారు. లాడ్జీల దుప్పట్లు మాకు వస్తాయి. ఎంత పెద్ద దుప్పటైనా నాలుగు మూలలూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చోబెట్టి మడిచేవాడు. ఐదేళ్ళ క్రితం నా లాండ్రీలోనే తడి మూట ఎత్తుతుంటే అతనికి గజ్జల్లోకి పేగు జారింది. హెర్నియా అన్నారు. అప్పట్లో ఆపరేషన్ అంటే ఒక రోజు బస్సు ప్రయాణం, వారం రోజులు అక్కడ మకాం, పక్కన ఇంకో మనిషి, ఆ తర్వాత బిల్లు. ఇల్లమ్ముకోవాల్సిన ఖర్చు. ఆయనకి అమ్ముకోవడానికి ఇల్లే లేదు.

మూట ఎత్తలేడు. కానీ నీళ్ళు పిండే మిషన్ దగ్గర్నుంచి ఇస్త్రీ బల్ల దాకా మూట ఎవరో ఒకరు తేవాలి. "దానికేముంది, మీ ఆవిణ్ణి తెచ్చుకో" అన్నాను. ఒక్క జీతానికి ఇద్దరు. బాయిలరు పక్కనున్న గది ఉచితంగా ఇచ్చాను. ఆ గదికి కిటికీ లేదు, వేసవిలో గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. అప్పటికి వాళ్ళ పాప రెండేళ్ళది. ఆ వేడికి ఒళ్ళంతా పొక్కులు వస్తే తీసుకెళ్ళి అమ్మమ్మ దగ్గర వదిలారు. వేరే గది తీసుకుని పాపని తెచ్చుకుందామని ఏటా అనుకునేవారు. ఒక్క జీతంతో ఎక్కడ తెస్తారు?

ఆవిడకి మూటలమ్మ అని పేరు పెట్టింది నేనే. అందరూ నవ్వారు, ఆవిడ తప్ప. నా మిషన్ పాతది, సగమే పిండుతుంది. మిగతా నీళ్ళన్నీ మూటలోనే ఉండేవి. కొత్త మిషన్ కొనమని ఆవిడ ఒకసారి అడిగింది. మోసేది నేను కాదు కదా, కొనలేదు. అప్పట్నుంచి నన్ను చూసినప్పుడల్లా ఆవిడ కళ్ళు నిప్పులు చెరిగేవి. నాకూ ఆవిడంటే ఒళ్ళు మంటే.

ఇంతలో ఆసుపత్రి నుంచి నర్సమ్మ పుస్తకం పట్టుకుని దిగింది. ఎవరికి ఏ జబ్బుందో రాసుకుంటుందట. మడతయ్యకి సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చింది. తుమ్ముతూ రెండు చేతులతో గజ్జల దగ్గర అదిమి పట్టుకున్నాడు. నర్సమ్మకి అది చాలింది.

"పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోతారు. పైసా అక్కర్లేదు. తర్వాత ఆరు వారాలు బరువులెత్తకూడదు, అంతే" అంది.

"ఐదేళ్ళుగా ఎత్తట్లేదమ్మా, ఇంకో ఆరు వారాలు లెక్కా?" అన్నాడు మడతయ్య.

వాడి మొహంలో ఆశ కనపడింది. నా గుండెల్లో రాయి పడింది. ఆ సాయంత్రమే పక్కకి పిలిచి, చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పాను. "నీ మంచి కోరి చెబుతున్నానయ్యా. మా బంధువొకడు ఇదే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళాం పక్కన పడుకోవడానికి కూడా పనికిరాకుండా పోయాడు."

అలాంటి బంధువు నాకు లేడు. కానీ మందు బాగా పనిచేసింది. రెండు వారాలు నర్సమ్మ వస్తే చాలు, మడతయ్య ఆరేసిన దుప్పట్ల వెనక నక్కేవాడు.

మూటలమ్మ ఊరుకునే రకం కాదు. మొగుడి చేత నిజం కక్కించి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళి అడిగి వచ్చింది. మర్నాడు అందరూ పనిలో ఉండగా నా బల్ల ముందు నిలబడింది.

"అయ్యగారూ, మీ బంధువు పేరేంటండీ?"

"ఎందుకు?"

"నర్సమ్మ రాసుకుంటుందట. ఆపరేషన్‌కీ దానికీ సంబంధం లేదట. పాపం, ఆయనకి వేరే ఏదో లోపం ఉండి ఉంటుంది, తీసుకురండి, చూస్తామంది. ఇంతకీ బంధువేనా, లేకపోతే..."

ఉతికేవాళ్ళు తొట్టెలు పట్టుకుని పగలబడి నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగలా మిషన్ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆ నవ్వులు నా చెవుల్లో చాలా రోజులు మోగాయి.

ఇక దాచడం ఎందుకని తెగేసి చెప్పాను. "పడుకున్నవాడికి జీతం లేదు. గది పనిచేసేవాళ్ళకే. రేపు ఆపరేషన్, ఎల్లుండి సామాను వీధిలో. బాగా ఆలోచించుకోండి."

"ఆయన బల్ల దగ్గర నేను నిలబడతాను" అంది.

"నీకు ఇస్త్రీ వచ్చా?"

"వస్తుంది."

"మరి మూటలెవరు మోస్తారు, మీ నాన్నా?"

"నేనే."

మూడు రోజుల్లో కూలబడుతుందని లెక్క వేసుకుని సరేనన్నాను. ఒక్క దుప్పటి కాలినా గది ఖాళీ చెయ్యాలన్నాను. దానికీ తల ఊపింది.

మడతయ్య పొద్దున వెళ్ళి, సాయంత్రం భార్య భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చేశాడు. ఆ బాయిలరు గదిలో తలుపు బార్లా తీసుకుని పడుకుని, అక్కణ్ణుంచే పాఠాలు మొదలుపెట్టాడు. "మూల కలపవే, మూల! ముందు అంచు లాగు! నీళ్ళు చల్లి ఒక్క నిమిషం ఆగు!" ఆవిడ మిషన్ దగ్గరికి పరిగెత్తి మూట తెచ్చుకునేది, ఇస్త్రీ చేసేది, మళ్ళీ పరిగెత్తేది. ఎప్పుడు కాలుస్తుందా అని నేను కాకిలా కాచుకు కూర్చున్నాను. మొదటి రోజు ఒక దిండు గలీబు మీద మచ్చ పడింది. "దుప్పటి అన్నారు, గలీబు అనలేదు" అంది. అది నిజమే.

మూడో వారానికి ఆవిడ మడతకీ ఆయన మడతకీ తేడా నాకే తెలియలేదు. లోపల సంతోషించాను కూడా, ఒక్క జీతానికి ఇద్దరు ఇస్త్రీవాళ్ళు తయారవుతున్నారని. నా అంత వెర్రివాడు ఇంకొకడు ఉండడు. ఈలోగా మడతయ్య లేచి తిరగడం మొదలుపెట్టాడు. ఐదేళ్ళుగా కొంచెం వంగే నడిచినవాడు నిటారుగా నిలబడితే, వాడు నా కన్నా పొడుగని అప్పుడు తెలిసింది. అది నాకు బొత్తిగా నచ్చలేదు.

ఆరు వారాలు గడిచాక డాక్టరు ఇక బరువులు ఎత్తొచ్చన్నాడు. ఆ మర్నాడే మొగుడూ పెళ్ళాలు నా ముందుకు వచ్చారు. మాట్లాడింది ఆవిడే.

"ఇద్దరం ఇస్త్రీ చేస్తాం. రెండు జీతాలు ఇవ్వండి. పాపని తెచ్చుకోవాలి. ఆ గదిలో ఉంచలేం."

"ఏరు దాటాక తెప్ప తగలేస్తారా?" అన్నాను. "ఐదేళ్ళు నీడ ఇచ్చాను!"

"ఎక్కడ దాటామండీ? ఇంకా పీకల్లోతు నీళ్ళలోనే ఉన్నాం. ఇవ్వలేకపోతే చెప్పండి. బస్టాండు దగ్గర లాండ్రీవాళ్ళు ఇద్దర్నీ రమ్మన్నారు."

కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు. "నీకెందుకు జీతం? నాలుగు దుప్పట్లు మడత పెట్టడం వచ్చిందని కళ్ళు నెత్తికెక్కాయా? ఇన్నాళ్ళూ నువ్వు చేసిందేంటి, అక్కడి మూట ఇక్కడ పెట్టడం! ఆడమనిషి అటు తీసి ఇటు పెట్టేదానికి కూడా జీతమేనా?"

ఆవిడ నోరు తెరిచింది. కానీ మడతయ్య అప్పటికే మిషన్ వైపు నడుస్తున్నాడు. అందులోంచి అప్పుడే తీసిన మూట నేల మీద ఉంది. వంగి పట్టుకున్నాడు. మొదటిసారి అది నేల వదల్లేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి ఛాతీ దాకా లేపాడు. నీళ్ళు చొక్కా మీద నుంచి కాళ్ళ దాకా కారాయి. పది అడుగులు నడిచి బల్ల మీద దించాడు. రొప్పుతూ కాసేపు ఆ మూటనే చూశాడు.

నాతో ఏదో అంటాడనుకున్నాను. గట్టి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు నా వైపు తిరగనే లేదు. భార్య వైపు తిరిగాడు.

"బరువా అని నేను అడగని రోజు లేదు. ఏం లేదు, ఏం లేదు అనేదానివి. ఇంత బరువని ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే ఎత్తేవాడివి" అంది.

మడతయ్య గోడ వైపు తిరిగి తడి చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. ఉతికేవాళ్ళు తొట్టెల దగ్గర చేతులు ఆపేశారు. ఆవిడ గదిలోకి వెళ్ళి, రెండు సంచులు తెచ్చింది. ఐదేళ్ళ కాపురం రెండు సంచుల్లో పట్టింది. ఒకటి ఆయన అందుకున్నాడు. రెండోది కూడా ఆవిడ చేతిలోంచి లాక్కున్నాడు. ఆవిడ వట్టి చేతులతో బయటికి నడిచింది.

"రెండు జీతాలూ ఇస్తాను" అన్నాను. గట్టిగానే అన్నాను, బాయిలరు చప్పుడులో కూడా వినిపించేంత గట్టిగా. వాళ్ళు అప్పటికి గుమ్మం దాటారు. పాపని ఏ బస్సుకి తీసుకురావాలా అని మాట్లాడుకుంటున్నారు.